మాంసపు రగూ: పాస్తా పక్కన నీరు ఊరకుండా ఇంట్లో ఎలా వండాలి?

సాయంత్రపు_వంట (సికింద్రాబాద్)

అందరికీ నమస్కారం. పిల్లలు అడుగుతున్నారని రగూ అనే ఇటాలియన్ మాంసపు సాస్‌ను ఇంట్లో మూడుసార్లు వండాను. మూడుసార్లూ ఒకే లోపం కనిపించింది. అరకిలో మటన్ ఖీమాలో ఆరు టమాటాలు, రెండు ఉల్లిపాయలు, ఒక వెల్లుల్లిపాయ, సీసాలో దొరికే ఎండు ఒరెగానో వేసి నలభై నిమిషాలు ఉడికించాను. కళాయిలో ఉన్నంతసేపు బాగానే కనిపించింది గాని, స్పగెట్టీ మీద వడ్డించిన రెండు నిమిషాలకే ఎర్రటి నీరు పళ్లెం అంచుకు జారిపోయి, ఖీమా మాత్రం పైన పొడిపొడిగా మిగిలింది. పులుపు ఎక్కువై చక్కెర కలపవలసి వచ్చింది. మాంసం కూడా గట్టిగానే ఉంది.

మా ఇంట్లో గొడ్డు మాంసం, పంది మాంసం తినము. అందువల్ల అసలు పద్ధతిలో వండడం మాకు సాధ్యమేనా, నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నాను అన్నది తెలిసినవారు వివరంగా చెబితే కృతజ్ఞురాలిని.

బొలోన్యా_ప్రవాసి (బొలోన్యా, ఇటలీ)

నమస్కారం అండి. నేను ఈ ఊరికి చదువు కోసం వచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయాను. మొదటి రెండేళ్లు అద్దెకున్న ఇంటి యజమానురాలు ప్రతి ఆదివారం ఉదయం రగూ వండేవారు. ఆమె పక్కన నిలబడి నేర్చుకున్నదాన్ని మన మాటల్లో చెప్పాలంటే ఒక్క పదం చాలు. రగూ అంటే పులుసు కాదు, ఇగురు. మీరు చెప్పిన కొలతలు చూస్తే, తెలియకుండానే టమాటా పులుసులో మాంసం ఉడికించినట్టు అనిపిస్తోంది.

ఇటలీ బయట ఈ సాస్ ఎర్రగా ఉంటుంది. ఇక్కడ మాత్రం ఇటుక రంగుకూ గోధుమ రంగుకూ మధ్యలో ఉంటుంది, ఎందుకంటే ఇందులో ప్రధానమైనది మాంసమే తప్ప టమాటా కాదు. ఇటాలియన్ వంట అకాడమీ 1982 అక్టోబర్ 17న బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేయించిన వంటకంలో 300 గ్రాముల గొడ్డు మాంసానికి, 150 గ్రాముల పాన్చెట్టాకు కలిపి ఐదు చెంచాల టమాటా సాస్ మాత్రమే ఉంది. పాన్చెట్టా అంటే ఉప్పు పట్టించి ఊరబెట్టిన, పొగ పెట్టని పంది పొట్ట మాంసం. ఆ వంటకాన్ని 2023 ఏప్రిల్ 20న సవరించినప్పుడు 400 గ్రాముల గొడ్డు మాంసానికి, 150 గ్రాముల పాన్చెట్టాకు 200 గ్రాముల వడగట్టిన టమాటా గుజ్జు, ఒక చెంచా చిక్కటి టమాటా ముద్ద అని రాశారు. టమాటా పెరిగింది గాని, ఇప్పటికీ అది మాంసంలో సగానికి కూడా రాదు. ఇంకా వెనక్కి వెళితే, పెల్లెగ్రీనో అర్తూజీ 1891లో ప్రచురించిన వంటల పుస్తకంలోని బొలోన్యా మక్రోని వంటకంలో టమాటా అసలే లేదు. లేతదూడ మాంసం, ఉప్పు మాంసం, వెన్న, ఉల్లి, క్యారెట్, సెలరీ అనే కాడల కూర, మాంసం ఉడికించి తీసిన రసం, ప్రధానంగా వీటితోనే ఆయన పని ముగించారు.

ఇక పద్ధతి. ముందుగా పాన్చెట్టా ముక్కల్ని మూడు చెంచాల ఆలివ్ నూనెలో కరిగించి, ఆ కొవ్వులో సన్నగా తరిగిన ఉల్లి, క్యారెట్, సెలరీ వేసి సన్నసెగ మీద మగ్గనివ్వాలి. ఈ మూడింటి మిశ్రమాన్ని సోఫ్రిత్తో అంటారు. ఉల్లిపాయను మన కూరలకు వేయించినట్టు ఎర్రగా వేయించకూడదు. అది మెత్తబడి, పచ్చివాసన పోయి, తియ్యని వాసన వస్తే చాలు. ఆ తరువాత సెగ పెంచి మాంసం వేసి పది నిమిషాలపాటు ఆపకుండా కలుపుతూ వేయించాలి. ఒక గ్లాసు వైన్ పోసి, దాని ఘాటు ముక్కుకు తగలనంతవరకు ఇగరనిచ్చాకనే టమాటా వేయాలి. ఒక కప్పు వేడి మాంసపు రసం పోసి, మూత కాస్త వారగా పెట్టి, రెండు నుంచి మూడు గంటలు సన్నసెగ మీద ఉంచాలి. ఆరిపోతున్నట్టు అనిపించినప్పుడల్లా కొద్దికొద్దిగా వేడి రసం పోయాలి. సగం ఉడికాక ఒక గ్లాసు చిక్కటి పాలు పోసి పూర్తిగా ఇగరనివ్వడం పాత ఆచారం. 2023 సవరణలో పాలు ఇష్టాన్నిబట్టి వేసుకోవచ్చని చెప్పారు.

నలభై నిమిషాల్లో ఇది కాదండి. అన్నింటికన్నా ముందు సరిచేసుకోవలసినది ఆ సమయమే.

గరిటె_పట్టిన_చేయి (బెంగళూరు)

పైవారు చెప్పిన పద్ధతిలో ఒక్క చోట ఆగి వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే హోటల్ వంటగదిలో పన్నెండేళ్లుగా కొత్తవాళ్లకు నేర్పుతున్నప్పుడు అందరూ తప్పేది ఆ పది నిమిషాల దగ్గరే.

ఖీమాలో నీరు చాలా ఉంటుంది. దుకాణంలో కడిగి ఇస్తే మరింత ఎక్కువ. చిన్న మూకుడులో అరకిలో ఒక్కసారిగా వేస్తే, ఆ నీరంతా ఒకేసారి బయటకు వచ్చి మాంసం అందులోనే ఉడుకుతుంది. నీరు ఉన్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. మాంసం ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే దాని ఉపరితలానికి సుమారు 140 డిగ్రీలు తగలాలి. నీరు పోకుండా రంగు రాదు, రంగు రాకుండా రుచి రాదు.

దీన్ని కంటితో కన్నా చెవితో పట్టుకోవడం సులభం. ఖీమా వేసిన వెంటనే చర్రుమంటుంది. ఒక నిమిషానికి ఆ శబ్దం అణిగి, నీరు ఊరి, బుడబుడలాడుతుంది. మాంసం బూడిద రంగుకు మారుతుంది. నూటికి తొంభై మంది ఇక్కడే అయిపోయిందనుకొని టమాటా వేసేస్తారు. ఆగాలి. ఐదారు నిమిషాలకు బుడబుడలు తగ్గి, మళ్లీ సన్నగా చిటపటలు మొదలవుతాయి. అంటే నీరు పోయింది, ఇప్పుడు మాంసం కొవ్వులో వేగుతోంది. మూకుడు అడుగున గోధుమ రంగు పొర అంటుకుంటుంది. అది మాడు కాదు, రుచి. వైన్ గాని రసం గాని పోసి చెక్క గరిటెతో గీకితే ఆ పొరంతా సాస్‌లో కలుస్తుంది. అయితే ఆ పొర నల్లబడితే మాత్రం చేదు వస్తుంది, అప్పుడు దానిని గీకకుండా పైమాంసాన్ని వేరే గిన్నెలోకి తీసుకోవడమే మంచిది.

వెడల్పాటి, అడుగు మందమైన గిన్నె వాడండి. ఖీమా కడిగి ఉంటే జల్లెడలో అరగంట ఉంచి, గుడ్డతో అద్దండి. ఇంట్లో పొయ్యి మంట చిన్నదైతే రెండు విడతలుగా వేయించండి.

విశాఖ_పెద్దమ్మ (విశాఖపట్నం)

నాయనలారా, మీరు చెప్పినవన్నీ శ్రద్ధగా చదివాను. నాకు మూడు సందేహాలు ఉన్నాయి. మాంసంలో పాలు పోయడం విరుద్ధాహారమని మా అత్తగారు అనేవారు, ఆ మాట మీరితే నా మనసు ఒప్పుకోదు. వెల్లుల్లి లేకుండా మాంసం వండితే నీచువాసన పోతుందా? మూడో సందేహం అన్నింటికన్నా ముఖ్యమైనది. మూడు గంటలు గ్యాసు వెలిగించి ఉంచడం మధ్యతరగతి ఇంట్లో తేలిక కాదు. కుక్కరులో నాలుగు విజిల్స్ పెడితే సరిపోదా?

బొలోన్యా_ప్రవాసి

పెద్దమ్మ గారూ, పాల విషయంలో మీ మనసుకు నచ్చినట్టే చేయండి. పాలు టమాటా పులుపును తగ్గించి సాస్‌కు ఒక నునుపు ఇస్తాయి, అంతే. అవి లేకపోయినా రగూ రగూయే. నేను పైన చెప్పిన ఇంటి యజమానురాలు కూడా పాలు పోసేవారు కాదు, ఆమె చెల్లెలు తప్పక పోసేవారు. ఇద్దరి రగూలూ నేను తృప్తిగా తిన్నాను.

వెల్లుల్లి గురించి మాత్రం ఈ ఊరివాళ్లు పట్టుదలగా ఉంటారు. 2023 నాటి పత్రంలో వేయకూడనివాటి జాబితా ఒకటి ఉంది. అందులో వెల్లుల్లి, రోజ్మేరీ, పార్స్లీ, ఇతర ఆకులు, మసాలాలు, చిక్కదనానికి పిండి, పొగ పెట్టిన పాన్చెట్టా ఉన్నాయి. జాజికాయ ఒక్కదానికీ మినహాయింపు ఇచ్చారు. ప్రశ్న అడిగినవారు ఒరెగానో వేశామన్నారు. దక్షిణ ఇటలీలో దానిని వేరే వంటలకు బాగానే వాడతారు గాని, బొలోన్యా రగూలో దానికి చోటు లేదు. నీచువాసన పోగొట్టేది ఇక్కడ వెల్లుల్లి కాదు. బాగా వేయించడం, వైన్, సెలరీ, ఈ మూడూ ఆ పని చేస్తాయి.

గరిటె_పట్టిన_చేయి

కుక్కరు గురించి నేను చెబుతాను, అమ్మా. కుక్కరు మాంసాన్ని మెత్తబరుస్తుంది, సందేహం లేదు. ఎముకను, కండను పట్టి ఉంచే గట్టి పీచు నిదానంగా కరిగి జిగురుగా మారడం వల్లనే సాస్ పాస్తాను అంటుకుంటుంది. అది కుక్కరులో త్వరగానే జరుగుతుంది. కాని మూత బిగించి ఉన్నంతసేపు నీరు ఇగరదు. కాబట్టి వేయించడమంతా మూత లేకుండా పూర్తిచేసి, రసం సగానికి తగ్గించి పోసి, మూత పెట్టి సన్నసెగ మీద ఇరవై ఐదు నిమిషాలు ఉంచండి. ఆ తరువాత మూత తీసి, నూనె అంచులకు తేలేవరకు మరో ముప్పావు గంట ఇగరనివ్వండి. మూడు గంటలది గంటన్నరకు దిగుతుంది. రుచిలో కొద్ది తేడా నాకు తెలుస్తుంది గాని, ఇంట్లో తినేవారికి అది లోటుగా అనిపించదు.

మరో దారి ఏమిటంటే, ఒక్కసారే కిలోన్నర మాంసంతో వండి, డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెట్టుకోవడం. మూడు గంటల గ్యాసు నాలుగు పూటలకు సర్దుకుంటుంది. రగూ మరునాటికి మరింత బాగుంటుంది కూడా.

అట్లాంటిక్_గట్టు (న్యూజెర్సీ)

ఒక చిన్న స్పష్టత ఇవ్వాలనుకుంటున్నాను. మా వీధిలో ఇటలీ మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లు ఆదివారం వండే సాస్ కుండనిండా ఎర్రగా, టమాటాతోనే ఉంటుంది, అందులో వెల్లుల్లి కూడా ఉంటుంది. అది తప్పు వంట కాదు, నేపుల్స్ వైపు నుంచి వలస వచ్చినవారి వంట. నేపుల్స్ రగూలో మాంసాన్ని ఖీమా చేయరు. పెద్ద ముక్కల్ని, చుట్టి దారంతో కట్టిన మాంసపు రేకుల్ని టమాటాలో గంటల తరబడి ఉడికిస్తారు. సాస్‌ను ముందు పాస్తాతో తిని, మాంసాన్ని తరువాతి వడ్డనగా విడిగా తింటారు. సన్నసెగ మీద సాస్ ఒక్కొక్క బుడగగా ‘పిప్‌’మని లేవడాన్ని ఆ ఊరివాళ్లు పిప్పియారె అంటారు. ఆ శబ్దాన్ని బట్టి పుట్టిన మాట అది.

ఎర్రటి సాస్ ఇష్టమైనవారు ఆ దారిలో వెళ్లవచ్చు. ఈ రెండింటినీ ఒకే గిన్నెలో కలిపినప్పుడే సికింద్రాబాద్ వారికి వచ్చిన ఇబ్బంది వస్తుంది. ఖీమా బొలోన్యాది, టమాటా కొలత నేపుల్స్‌ది, సమయం మాత్రం ఏ ఊరిదీ కాదు.

లాక్విలా_పాతవిద్యార్థి (మహబూబ్‌నగర్)

మటన్‌తో అసలు పద్ధతి సాధ్యమేనా అన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను. సాధ్యమే కాదు, దానికి ఇటలీలోనే సొంత ఊరు ఉంది.

నేను మధ్య ఇటలీలోని అబ్రుజ్జో ప్రాంతంలో, లాక్విలా నగరంలో రెండేళ్లు చదువుకున్నాను. అది కొండల నడుమ గొర్రెల కాపరుల సీమ. చలికాలం రాకముందే మందల్ని కొండల నుంచి దక్షిణాన ఫోజ్జా మైదానాలకు తోలుకుపోయి, వేసవికి మళ్లీ తెచ్చుకోవడం అక్కడి వందల ఏళ్ల ఆచారం. కాలాన్నిబట్టి మందతో సాగే ఈ కాపరుల వలసను యునెస్కో 2019లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మా పాలమూరు కాపరులు మేత కోసం మందల్ని తోలుకొని కృష్ణ వైపు నడిచిపోవడం చూస్తూ పెరిగిన నాకు, ఆ ఊళ్లోని మట్టిబాటలు పరాయివిగా అనిపించలేదు.

అక్కడ రగూ గొర్రెపిల్ల మాంసంతో వండుతారు. ఆలివ్ నూనెలో ఉల్లిపాయ మగ్గించి, చేత్తో సన్నగా కోసిన మాంసాన్ని బిరియానీ ఆకు కుటుంబానికే చెందిన బే ఆకుతో వేయించి, వైట్ వైన్ ఇగరనిచ్చి, టమాటా వేసి రెండు గంటలు ఉంచుతారు. కొందరు క్యాప్సికమ్ పట్టీలు వేస్తారు, ఎండుమిరపకాయ కూడా వేస్తారు. అవును, ఇటలీలో మిరపకాయను మనసారా తినే సీమల్లో అదీ ఒకటి. దీనికి జతగా వాడే పాస్తాను చెక్క చట్రానికి వరుసగా బిగించిన సన్నని తీగల మీద పిండి రేకును పరచి, పైన కర్ర దొర్లించి కోస్తారు. తీగలు వీణలా మోగుతాయి, పోగులు కిందకు రాలుతాయి. ఆ చట్రాన్ని గిటార్ అన్న అర్థంలో కితర్రా అంటారు.

కాబట్టి, అమ్మా, మీరు మేక మాంసం బదులు పొట్టేలు మాంసం తీసుకోండి. తొడ కండ కాకుండా జబ్బ, మెడ భాగాల నుంచి కొంత కొవ్వుతో తీయించండి. మిషన్‌లో రెండుసార్లు తిప్పించకుండా, కత్తితో కొట్టించండి. వైన్ ఇంట్లోకి రానివ్వని వారు మాంసపు రసంలో ఒక చెంచా వెనిగర్ కలిపి పోయవచ్చు. ఎంత ఇగిరినా ఆల్కహాల్ పూర్తిగా పోదు, కొద్ది శాతం మిగులుతుంది కనుక ఆ విషయంలో నియమం ఉన్నవారు వెనిగర్‌నే ఎంచుకోవాలి.

సాయంత్రపు_వంట

మీ అందరికీ కృతజ్ఞతలు. రాబోయే ఆదివారం అబ్రుజ్జో పద్ధతిలో పొట్టేలు మాంసంతో వండి, ఫలితం తప్పక రాస్తాను. ఒక్క మాట అడగాలి. పాస్తాను ఉడికించి చల్లటి నీటితో కడిగి, ఒక చెంచా నూనె కలిపి పక్కన పెట్టి, సాస్‌ను పైన పోయడం నా అలవాటు. అది సరైనదేనా?

బొలోన్యా_ప్రవాసి

సరైనది కాదండి. పళ్లెంలో నీరు ఊరడానికి సగం కారణం బహుశా అదే. పాస్తా ఉడికేటప్పుడు దాని పిండి పైకి వచ్చి ఒక జిగురు పొరగా నిలుస్తుంది, సాస్ పట్టుకునేది దానినే. కడిగితే ఆ పొర పోతుంది. నూనె రాస్తే సాస్ జారిపోతుంది.

వంద గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, పది గ్రాముల ఉప్పు అన్నది ఇక్కడి ఇంటింటి కొలత. అట్ట మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే, పంటికి కాస్త తగిలేలా ఉన్నప్పుడే పాస్తాను నీటిలో నుంచి తీసి నేరుగా రగూ ఉన్న వెడల్పాటి మూకుడులో వేయాలి. పాస్తా ఉడికిన నీటిని ఒక గరిటె పోసి, మంట పెంచి, ఎగరేస్తూ గాని తిప్పుతూ గాని రెండు నిమిషాలు కలపాలి. పోసిన నీరు, కొవ్వు, పిండి ఒకటై పాస్తా మీద మెరుపులా పట్టుకుంటాయి. పార్మిజానో జున్ను పొయ్యి దించాకనే తురమాలి. దాని తయారీలో దూడ కడుపు నుంచి తీసే పదార్థం వాడతారు కాబట్టి, గొడ్డు మాంసం తినని ఇంట్లో ఆ విషయం ముందే తెలిసి ఉండడం అవసరం. శాకాహార పదార్థంతో విరిచిన గట్టి జున్నులు మన దేశంలోనే దొరుకుతున్నాయి, అవి వాడుకోండి.

స్పగెట్టీకి బదులు వెడల్పు పట్టీల పాస్తా తీసుకోండి. బొలోన్యాలో రగూను గుడ్లతో చేసిన తాల్యతెల్లెతోనే తింటారు. ఉడికిన తాల్యతెల్లె వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని, అది ఈ ఊరి అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు అని 1972లో వాణిజ్య మండలిలో నమోదు చేశారు. స్పగెట్టీ గుండ్రంగా, నున్నగా ఉండడం వల్ల మాంసం దాని మీద నిలవక పళ్లెం అడుగుకు చేరుతుంది. వంద గ్రాముల మైదాకు ఒక గుడ్డు చొప్పున కలిపి, అరగంట నాననిచ్చి, చపాతీ కర్రతో అవతలి వేళ్లు కనిపించేంత పల్చగా ఒత్తి, మడిచి కత్తితో కోస్తే మన ఇళ్లలోనే తాల్యతెల్లె వస్తుంది.

విశాఖ_పెద్దమ్మ

చపాతీ కర్రతో అయ్యే పని అయితే నాకు భయం లేదు. నేను కుక్కరు పద్ధతిలో, పాలు లేకుండా చేసి చూశాను. సెలరీ మా బజారులో దొరకక మానేశాను. మాంసం చాలా మెత్తగా, కమ్మగా వచ్చింది. వెల్లుల్లి లేని లోటు నాకు తెలియలేదంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. మూత తీశాక ముప్పావు గంటకు బదులు గంట పట్టింది, రసం కొంచెం ఎక్కువ పోసి ఉంటాను.

సాయంత్రపు_వంట

ఆదివారం వండాను. ఆరువందల గ్రాముల పొట్టేలు మాంసం కత్తితో కొట్టించి, జల్లెడలో ఉంచి, రెండు విడతలుగా వేయించాను. మొదటి విడతలో బుడబుడలు అణిగి చిటపటలు మొదలవడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఆ శబ్దం కోసం వేచి చూడకపోతే నేను మునుపటిలాగే టమాటా వేసేసేదాన్ని. రెండో విడతలో ఫోన్ మోగి అటు వెళ్లడంతో అడుగు ఒక మూల నల్లబడింది, గరిటె వారు చెప్పినట్టు గీకకుండా పైమాంసాన్ని తీసి వేరే గిన్నెలోకి మార్చాను. టమాటాలు రెండే వేశాను, చెంచాడు చిక్కటి ముద్ద కలిపాను. వైన్ బదులు వెనిగర్ వాడాను.

రెండు గంటల పది నిమిషాలకు నూనె అంచుల్లో తేలింది. రంగు నేను ఇదివరకు చేసినట్టు ఎర్రగా లేదు, ముదురు ఇటుక రంగులో ఉంది. గరిటెతో మధ్యలో గీత గీస్తే ఆ గీత ఒక క్షణం అలాగే నిలిచి, నెమ్మదిగా మూసుకుంది. చక్కెర అవసరం రాలేదు.

ఇంట్లో ఒత్తిన పట్టీలు ఒక్కొక్కటి ఒక్కో వెడల్పులో వచ్చాయి గాని, సాస్‌ను బాగా పట్టుకున్నాయి. పిల్లలు తిన్న తరువాత పళ్లేలు చూశాను. నీటి చుక్క లేదు. అంచున కాస్త నారింజ రంగు నూనె మరక మాత్రమే ఉంది. మిగిలిన రెండు డబ్బాలు ఫ్రీజర్‌లో పెట్టాను, వచ్చే ఆదివారం మా అన్నయ్య వాళ్లు వస్తున్నారు.

లాక్విలా_పాతవిద్యార్థి

చాలా సంతోషం అమ్మా. డబ్బాలను ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి దించుకోండి. వేడిచేసేటప్పుడు రెండు చెంచాల నీళ్లు చల్లి, మూత పెట్టి సన్నసెగ మీద ఉంచండి. వడ్డించే ముందు ఒక ఎండుమిరపకాయను ఆలివ్ నూనెలో వెచ్చబెట్టి పైన వేస్తే, మీ అన్నయ్య గారి పళ్లెంలోకి అబ్రుజ్జో సరిగ్గా దిగుతుంది.